పాట పాడుతున్నాం సరే, పాట కట్టినవారి సంగతేమిటి?

నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయంలో ఒక సంఘటన ఉంది. మన ప్రసంగాల్లో దాని ప్రస్తావన అరుదుగా వినిపిస్తుంది. నెహెమ్యా కొంతకాలం రాజు దగ్గర ఉండి యెరూషలేముకు తిరిగి వచ్చేసరికి మందిరంలో పాడేవారు లేరు. లేవీయులు, గాయకులు ఎవరి పొలాలకు వారు వెళ్లిపోయారు. భక్తి తగ్గి వెళ్లినవారు కాదు. వారికి రావలసిన భాగం అందలేదు కాబట్టి వెళ్లారు. నెహెమ్యా గాయకులను మందలించలేదు. అధికారులను నిలదీశాడు, గాయకులను తిరిగి వారి స్థానాల్లో నిలబెట్టాడు, పంపకం సరిగ్గా జరిగేలా నమ్మకమైన మనుషులను నియమించాడు.

ఈ సంఘటన ఇప్పుడు గుర్తు రావడానికి కారణం ఉంది. ఈమధ్య ఒక సహోదరుడు మా కార్యాలయానికి వచ్చారు. కొన్నేళ్ల క్రితం మా పత్రికలోనే అచ్చయిన ఒక పాట కాగితాన్ని బల్ల మీద పెట్టారు. పాట కింద 'సేకరణ' అని, పంపినవారి పేరు ఉంది. ఆ పాట రాసింది, బాణీ కట్టింది ఈ సహోదరుడు. ఆయన డబ్బు అడగలేదు, కోపంగా మాట్లాడలేదు. "మా అమ్మాయి ఈ పత్రిక చూసి, నాన్నా ఇది నీ పాట కాదా అని అడిగిందండీ. ఏం చెప్పాలో తెలియలేదు" అన్నారు. మేము క్షమాపణ చెప్పాము, సవరణ వేస్తామని మాట ఇచ్చాము. అయితే ఆ తప్పు ఒక్క సవరణతో తీరేది కాదని ఆయన వెళ్లాక మాకు అర్థమైంది.

పెద్ద సంస్థ గాని, సినిమా కంపెనీ గాని వెనుక లేకుండా తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, చేతి డబ్బుతో రికార్డింగ్ చేయించుకునేవారిని స్వతంత్ర సంగీతకారులు అంటున్నాం. తెలుగు క్రైస్తవ లోకంలో కొత్త పాటల్లో చాలా భాగం ఇలాంటి వారి దగ్గర నుంచే వస్తున్నాయి. వారికి మనం నిజంగా ఉపయోగపడేలా ఏం చేయగలమో ఈ వారం వివరంగా రాస్తున్నాము. కాపరులు, సంఘ కోశాధికారులు, యవ్వనస్థుల నాయకులు దీనిని దాచుకుని అవసరమైనప్పుడు చూసుకోవచ్చు.

పాట ఖర్చు ఎక్కడ పుడుతుంది

ఒక పాట మన ఫోనులోకి రావడానికి ముందు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసేవారు, తబలా, ఫ్లూట్, గిటార్ వాయించేవారు, స్టూడియో అద్దె, గాయని లేదా గాయకుడు, మిక్సింగ్, మాస్టరింగ్, ఆపై వీడియో, ఇలా ఎన్నో ఖర్చులుంటాయి. వాద్యకారులకు ఆ రోజు కూలి ఆ రోజే ఇవ్వాలి. వారిలో క్రైస్తవులు కానివారూ ఉంటారు. "పరిచర్య కదా, తగ్గించుకో" అని వారిని అడగడం న్యాయం కాదు. పాట రాసినవారు తమ జీతంలోంచో, భార్య గాజులు తాకట్టు పెట్టో, అప్పు చేసో ఇదంతా భరిస్తారు.

క్యాసెట్ల కాలంలో కూటాల దగ్గర బల్ల వేసి అమ్మితే కొంతైనా తిరిగి వచ్చేది. సీడీలు వచ్చాక కూడా అంతే. తరువాత ఎంపీ3లు, మెమరీ కార్డులు వచ్చాయి. ఒకరు కొంటే వంద మంది కాపీ చేసుకున్నారు. ఇప్పుడు యూట్యూబ్‌లో పాట అందరికీ ఉచితం. వినేవారు పెరిగారు, కొనేవారు దాదాపు లేకుండా పోయారు. పాట ఊరూరా పాడుతున్నా, పాట కట్టిన ఇంట్లో అప్పు అలాగే ఉండిపోవడానికి కారణం ఇదే.

ముందు పేరు చెప్పండి

మొదటి సహాయానికి పైసా ఖర్చు లేదు. రచయిత పేరు చెప్పడమే ఆ సహాయం. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తనతో పాటు రాగం, తాళం, రచయిత పేరు కనిపిస్తాయి. 1803లో పుట్టి 1890లో ప్రభువు సన్నిధికి వెళ్లిన పురుషోత్తమ చౌదరి గారి పేరు ఈ రోజుకీ మన నోట ఉందంటే ఆ పద్ధతే కారణం. మన తాతలు పాటించిన ఆ మర్యాదను ప్రొజెక్టర్లు వచ్చాక మనం వదిలేశాం.

తెర మీద పాట వేసేటప్పుడు చివరి స్లైడు అడుగున రచయిత, స్వరకర్త పేర్లు చిన్న అక్షరాలతో వేయండి. సంఘం పాటల పుస్తకం అచ్చు వేసేటప్పుడు పేరు కనుక్కొని వేయండి. తెలియకపోతే 'రచయిత పేరు తెలియదు, తెలిసినవారు తెలియజేయగలరు' అని వేయండి. 'సేకరణ' అన్న మాటతో సరిపెట్టవద్దు. యూట్యూబ్‌లో మీ సంఘం పాడిన పాట పెడితే కింద వివరణలో అసలు పాట లింకు ఇవ్వండి.

ఇది మర్యాదతో ఆగేది కాదు, చట్టం కూడా. కాపీరైటు చట్టం, 1957లోని 57వ సెక్షన్ ప్రకారం రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకు ఎప్పటికీ ఉంటుంది. హక్కులు వేరొకరికి రాసి ఇచ్చేసిన తరువాత కూడా ఈ హక్కు పోదు.

చట్టం ఏమంటోంది

ఈ విషయంలో మన సంఘాల్లో రెండు రకాల పొరపాట్లున్నాయి. ఆరాధనలో ఇతరుల పాట పాడితే కేసవుతుందని కొందరు భయపడతారు. దేవుని పాటకు హక్కులేమిటని ఇంకొందరు ఏమైనా చేసేస్తారు. రెండూ సరి కాదు.

చట్టంలోని 52వ సెక్షన్ నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాట పాడడాన్ని, వినిపించడాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. కాబట్టి ఆదివారం ఆరాధనలో, ప్రార్థన కూడికలో ఏ పాటైనా నిశ్చింతగా పాడవచ్చు. అయితే ఆ మినహాయింపు పాటల పుస్తకం అచ్చు వేసి అమ్మడానికి గాని, ఇతరుల ట్రాక్ తీసుకుని మన గొంతు పెట్టి ప్రకటనలు వచ్చే ఛానెల్‌లో పెట్టడానికి గాని వర్తించదు. వాటికి అనుమతి కావాలి.

పాత పాటను కొత్తగా రికార్డు చేసి విడుదల చేయాలనుకునేవారికి 31సీ సెక్షన్ ఒక దారి చూపుతుంది. అసలు రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే చెల్లించాలి. మనవంటివారికి అంతకంటే సులువైన దారి రచయితకు ఫోను చేసి అడగడమే. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. వారి బాధల్లా అడగలేదనే.

పాటకు హక్కు రచయిత జీవితకాలంతో పాటు, మరణించిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. రచయిత ప్రభువునందు నిద్రించాడు కాబట్టి పాట అందరిదీ అనుకోకూడదు. అతని భార్యకు, పిల్లలకు దానిలో వంతు ఉంది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలకు ఆ గడువు ఎప్పుడో ముగిసింది, వాటిని ఎవరైనా వాడుకోవచ్చు. నిన్నమొన్న చనిపోయిన సహోదరుని పాట అలా కాదు.

పాటలు రాసేవారు కూడా కొన్ని సంగతులు తెలుసుకోవాలి. హక్కు పాట రాసిన రోజే పుడుతుంది, నమోదు తప్పనిసరి కాదు. అయినా తగవు వస్తే నమోదు పత్రం సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్యానికో సంగీతానికో నమోదు రుసుము ఒక్కొక్కదానికి 500 రూపాయలు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని చట్టం భావిస్తుంది. 2012 సవరణ తరువాత రికార్డు చేసిన పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వంతును రచయిత, స్వరకర్త వదులుకున్నా ఆ వదులుకోవడం చెల్లదు. వారసులకు గాని, కాపీరైటు సొసైటీకి గాని మాత్రమే దానిని అప్పగించవచ్చు. 1969లో మొదలై, సవరించిన చట్టం కింద 2017లో తిరిగి నమోదైన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో పాటల రచయితలు, స్వరకర్తలు సభ్యులుగా చేరవచ్చు. తెలుగు రచయితలూ చేరవచ్చు. మీ సంఘంలో ఇంగ్లీషు ఫారాలు నింపడం తెలిసిన యవ్వనస్థులుంటే, పాటలు రాసే పెద్దాయన పక్కన ఒక సాయంత్రం కూర్చోండి. అది పెద్ద పరిచర్య.

వినడంలో కూడా సాయం ఉంది

ఉచితంగా విన్నా, వినే పద్ధతిని బట్టి పాట కట్టినవారికి లాభమో నష్టమో ఉంటుంది. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే ఛానెల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు) ఉండాలి. ఆ మెట్టు ఎక్కాక మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానెల్ వారికి ఇస్తారు. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటకు గత 12 నెలల్లో కనీసం 1,000 సార్లు ప్లే అయితేనే ఆదాయం లెక్కలోకి వస్తుంది. అంటే చిన్న కళాకారులకు మొదటి వెయ్యి చాలా ముఖ్యం. ఒక పెద్ద సంఘం తలచుకుంటే ఆ వెయ్యి అంత కష్టం కాదు.

కాబట్టి పాటను అసలు ఛానెల్‌లోనే వినండి. అదే పాటను వేరొకరు తమ ఛానెల్‌లో ఎక్కించి ఉంటే అక్కడి వీక్షణ మీ అభిమానాన్ని దారి మళ్లిస్తుంది. వాట్సాప్‌లో ఎంపీ3 ఫైలు పంపితే పాట కట్టినవారికి ఏమీ రాదు, ఎంతమంది విన్నారో కూడా తెలియదు. దాని బదులు లింకు పంపండి. మీ పిల్లలు రీల్స్ చేస్తుంటే యాప్‌లో ఉన్న అసలు ఆడియోనే ఎంచుకోమని చెప్పండి. కామెంటులో 'ఆమేన్' తో పాటు పాట మీకు ఏ సందర్భంలో ఆదరణ ఇచ్చిందో రెండు వాక్యాలు రాయండి. అప్పుల మధ్య రెండో పాటకు సిద్ధపడేవారికి ఆ రెండు వాక్యాలు ఎంత బలమిస్తాయో చెప్పలేం.

ఇతరుల పాటను తమదిగా నమోదు చేసుకుని, అసలు రచయిత వీడియో మీదే క్లెయిము వేసే ఘటనలు కూడా జరుగుతున్నాయి. అలాంటిది మీ కంట పడితే గుంపుగా వెళ్లి తిట్టవద్దు. అసలు రచయితకు తెలియజేయండి. ఫిర్యాదు చేసే హక్కు ఆయనదే. పాట పాత తేదీ చూపించే సాక్ష్యం, చేతిరాత కాగితమో, పాత కూటం వీడియోనో, మీ దగ్గర ఉంటే ఇవ్వండి.

నేరుగా ఇవ్వడం

వేలసార్లు విన్నా ప్రకటనల ద్వారా వచ్చేది తక్కువే. నేరుగా ఇచ్చే చిన్న మొత్తం దానికంటే ఎక్కువ పని చేస్తుంది. లెక్క చూడండి. వంద కుటుంబాల సంఘంలో కుటుంబానికి నెలకు 20 రూపాయలు పక్కన పెడితే నెలకు 2,000, ఏడాదికి 24,000 రూపాయలు. ఒక టీ, సమోసా ఖర్చుతో ఒక సంఘం ఏటా ఒక రచయిత భారంలో గణనీయమైన భాగం మోయగలదు.

యూపీఐ ద్వారా పంపితే మధ్యలో ఎవరి కోత లేకుండా అందుతుంది. అయితే ఫార్వర్డుల్లో వచ్చే క్యూఆర్ కోడ్లను నమ్మవద్దు. అసలు ఛానెల్‌లో ఇచ్చిన నంబరేనా అని సరిచూసుకోండి, పంపేముందు తెర మీద వచ్చే పేరు చదవండి. పాటలను కొనుక్కునే అవకాశం ఉంటే కొనండి. బ్యాండ్‌క్యాంప్ వంటి చోట డిజిటల్ అమ్మకంలో సంస్థ 15 శాతం తీసుకుని, చెల్లింపు ఖర్చులు పోగా మిగిలింది కళాకారులకు ఇస్తుంది. ఆరాధన నడిపించేవారు వాడే కరోకే ట్రాకులు అమ్మకానికి ఉన్నప్పుడు సంఘం డబ్బుతోనే కొనండి. మైకుకు, స్పీకరుకు వేలు పెట్టే మనం ట్రాకు దగ్గర వెనుకాడడం వింతగా ఉంటుంది.

సంఘ కమిటీలకు మా మనవి ఒకటే. ఏటా బడ్జెట్‌లో 'పాటల నిధి' అని ఒక పద్దు పెట్టండి. కరుణతో అప్పుడప్పుడు ఇచ్చే కానుకగా కాకుండా, కోశాధికారి రసీదుతో ఇచ్చే చెల్లింపుగా ఉండాలి. యవ్వనస్థుల కూటానికో, స్త్రీల కూడికకో ఆ ఏటి అంశం మీద కొత్త పాట కావాలంటే ఈ నిధి నుంచి రాయించుకోండి. ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు, హక్కు ఎవరిది అన్నది ఒక కాగితం మీద రాసుకోండి.

కూటాలకు పిలిచేటప్పుడు

"ప్రేమ కానుక ఇస్తాంలే" అన్న మాట మీద ఎంతోమంది రాత్రంతా బస్సులో ప్రయాణించి వస్తారు. చివరి ప్రార్థన అయ్యాక చేతిలో పెట్టిన కవరు విప్పితే దారి ఖర్చులకు కూడా చాలదు. పిలిచే రోజే ప్రయాణ ఖర్చు, బస, భోజనం, గౌరవ వేతనం ఎంతో చెప్పండి. వెంట వచ్చే వాద్యకారులకు వేరుగా లెక్క కట్టండి. ఆ రోజు కానుకలు తక్కువ వచ్చాయని అనుకున్న మొత్తం తగ్గించవద్దు. సహోదరీలను పిలిస్తే వారితో వచ్చే తోడు మనిషి ప్రయాణాన్ని కూడా లెక్కలో పెట్టండి, క్షేమమైన బస చూడండి. కూటం రద్దయితే ఒకరోజు ముందు కాదు, తెలిసిన వెంటనే చెప్పండి.

విదేశాల్లోని తెలుగు సంఘాలకు

అమెరికాలో ఆరాధనలో పాడడానికి చట్టం మినహాయింపు ఇస్తుంది గాని, పాట మాటలు తెర మీద వేయడానికి, అచ్చు వేయడానికి అనుమతి కావాలి. అందుకే అక్కడి సంఘాలు చాలావరకు 1988లో మొదలైన సీసీఎల్ఐ సంస్థ లైసెన్సు తీసుకుని, తాము వాడిన పాటల వివరాలు తెలియజేస్తాయి. ప్రత్యక్ష ప్రసారానికి లైసెన్సు వేరే ఉంటుంది. మీ సంఘంలో లైసెన్సు ఉన్నా, తెలుగు పాట రచయిత అక్కడ నమోదు కాకపోతే ఆయనకు ఏమీ రాదు. అలాంటప్పుడు రచయితనే సంప్రదించి అనుమతి అడగండి, నమోదుకు సాయపడండి, లేదా నేరుగా చెల్లించండి.

ఇండియాకు డబ్బు పంపేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇక్కడి పరిచర్యకు పంపే విరాళానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 వర్తించవచ్చు. ఆ చట్టం సరుకుకో సేవకో వ్యాపార రీతిలో చెల్లించే ధరను వేరుగా చూస్తుంది. కాబట్టి ట్రాకు కొనడం, పాట రాయించుకుని బిల్లు మీద చెల్లించడం మేలైన పద్ధతులు. పెద్ద మొత్తమైతే ఆడిటరును అడిగి చేయండి. మంచి మనసుతో పంపిన డబ్బు తీసుకున్నవారికి చిక్కు కాకూడదు.

"పాట దేవుడిచ్చాడు కదా"

ఈ మాట మాకు తరచుగా వినిపిస్తుంది. నిజమే, దేవుడే ఇచ్చాడు. వర్తమానం కూడా ఆయనే ఇస్తాడు, అయినా కాపరికి జీతం ఇస్తున్నాం. పంట ఆయనే ఇస్తాడు, అయినా బియ్యం కొట్లో డబ్బు ఇచ్చే తీసుకుంటున్నాం. దినవృత్తాంతములు మొదటి గ్రంథం 9వ అధ్యాయం చూస్తే మందిర గాయకులకు వేరే పనులు లేకుండా చేశారని తెలుస్తుంది. 25వ అధ్యాయంలో నేర్పు గల గాయకుల సంఖ్య 288 అని లెక్క ఉంది. పనివానికి జీతం విషయంలో ప్రభువు, అపొస్తలుడైన పౌలు ఏం చెప్పారో లూకా 10లో, తిమోతికి రాసిన మొదటి పత్రిక 5లో మీకు తెలుసు. బిగపట్టిన కూలి గురించి యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఎంత గట్టిగా మాట్లాడిందో కూడా తెలుసు.

డబ్బు తీసుకోనని చెప్పే సహోదరులూ ఉన్నారు. పౌలు కూడా కొరింథులో తన హక్కును వాడుకోలేదు. ఆ నిర్ణయాన్ని గౌరవించాలి. అయితే వదులుకోవలసింది హక్కు ఉన్నవారే. వారి తరఫున మనం వదిలేయడానికి వీల్లేదు. డబ్బు వద్దన్నవారికి కూడా పేరు చెప్పాలి, అనుమతి అడగాలి.

ఇంకొక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. అభిమానమంటే ఫ్లెక్సీలు, గజమాలలు, సెల్ఫీల కోసం తోపులాట కాదు. ఆ ఖర్చు పాటకు చేరదు, మహిమ కూడా చేరవలసిన చోటికి చేరదు. పాటలు కట్టేవారు కూడా సంఘం ఇచ్చిన దానికి లెక్క చూపాలి, తీసుకున్న పని సమయానికి పూర్తి చేయాలి. రెండు వైపులా నమ్మకం ఉంటేనే ఇది నిలుస్తుంది.

ఇక మా సంగతి. ఇకమీదట ఈ పత్రికలో, ఈ వెబ్‌సైటులో 'సేకరణ' అన్న మాటతో ఏ పాటా రాదు. రచయిత పేరు, అనుమతి లేకుండా కొత్త పాటలు వేయము. పాత సంచికల్లో పేరు లేకుండా అచ్చయిన పాటలు ఎవరివో తెలిసినవారు మాకు రాయండి, విచారించి సవరణలు వేస్తాము. ఆ సహోదరుని పాటను ఆయన అనుమతితో, ఆయన పేరుతో వచ్చే సంచికలో తిరిగి ప్రచురిస్తున్నాము. ఆయన కూతురికి ఒక ప్రతి పంపుతున్నాము.

మీరు కూడా ఈ ఆదివారం ఒక పని చేయండి. ఆరాధనలో పాడిన పాటల్లో ఒకదాని రచయిత ఎవరో కనుక్కోండి. తెలియకపోతే నలుగురిని అడగండి. తెలిశాక ఆ పేరు పెట్టి ప్రార్థించండి, వీలైతే ఒక ఫోను చేయండి. పాడేవారు పొలాలకు వెళ్లిపోయాక మందిరం నిశ్శబ్దమైందని బాధపడేకంటే, వారు మన మధ్య ఉండగానే వారి భాగం వారికి ఇవ్వడం మేలు.